పావంగుళం కన్నం

ఈ మధ్య ఏ వస్తువు బాగుచేయించడానికి పట్టుకెళ్ళినా దుకాణాల్లో ఒకటే మాట వింటున్నాను. "పారేసి కొత్తది తీసుకోండమ్మా!" మిక్సీకీ అదే మాట, ఇస్త్రీ పెట్టెకీ అదే మాట, గోడ గడియారానికీ అదే మాట. అనేవాడికి నోరు నొప్పి లేదు. వినేవాళ్ళకి కొత్త వస్తువు సరదా ఎలాగూ వుండనే వుంటుంది. అంచేత ఆ మాట చెల్లిపోతోంది. మా మనవరాలి గిటారు ఆంప్లిఫయరుకి కూడా అదే తీర్పు వచ్చింది. కాకపోతే ఈసారి అది నా దగ్గర చెల్లలేదు.

ముందు ఆ డబ్బా సంగతి నాలుగు ముక్కలు చెప్పాలి. లేకపోతే, గిటారు వాయించుకోవడానికి డబ్బా ఏమిటి, దానికి రిపేరేమిటి అని మీరూ మావారిలాగే అడుగుతారు. మామూలు గిటారుకి బోలు పొట్ట వుంటుంది. వీణకి కుండ వున్నట్టే. తీగ మీటితే ఆ పొట్టే మోగుతుంది. ఎలక్ట్రిక్ గిటారుకి పొట్ట లేదు. నిండు చెక్క. ఉక్కు తీగల కింద చిన్న అయస్కాంతాలూ, వాటి చుట్టూ తలవెంట్రుక కంటే సన్నటి రాగి తీగ కొన్ని వేల చుట్లూ వుంటాయి. అయస్కాంతం పక్కన ఉక్కు తీగ కదిలితే ఆ రాగి చుట్లలో కరెంటు పుడుతుంది. కరెంటంటే ఎంతనుకున్నారు? చాలాసార్లు ఒక వోల్టు కూడా వుండదు. చేతి గడియారంలో వేసే బిళ్ళ బాటరీ అంత బలం కూడా లేని ఆ కాస్తనీ తీసుకుని, పదింతలూ వందింతలూ చేసి, స్పీకరుని అదిరించగలిగినంత చెయ్యడమే ఈ డబ్బా పని. డబ్బా లేకపోతే ఆ గిటారు మోత దోమ పాటకంటే రవంత గట్టిగా వుంటుంది. అంతే.

గిటారు నుంచి డబ్బాకి వైరు వస్తుంది. వైరు చివర వేలెడు పొడుగు లోహపు కాడ. అది దూరడానికి డబ్బా ముఖాన ఒక కన్నం. ఆ కన్నాన్ని ఇన్‌పుట్ జాక్ అంటారు. సరిగ్గా పావంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. ఇది నిన్నా మొన్నా పుట్టిన కొలత కాదండోయ్. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో అమ్మాయిలు బల్లముందు కూర్చుని, ఒక కన్నంలోంచి కాడ తీసి ఇంకో కన్నంలో గుచ్చి మాటలు కలిపేవారే, ఆ కాడల వంశంలోదే ఇదీ. మా పిన్ని ఒకావిడ ట్రంకు కాల్స్ రోజుల్లో బెజవాడ ఎక్స్ఛేంజీలో పని చేసేది. చెవులకి హెడ్‌ఫోన్సు, రెండు చేతుల్లో రెండు కాడలు. "మాట్లాడండి, మాట్లాడండి" అని నిద్రలో కూడా అనేదని బాబాయి వేళాకోళం చేసేవాడు. ఆ ఎక్స్ఛేంజీలు పోయాయి, ట్రంకు కాల్స్ పోయాయి. కాడా కన్నం మాత్రం గిటారువాళ్ళ దగ్గర మిగిలిపోయాయి.

సరే. మా మనవరాలు సి.ఏ. చదువుతోంది. జూనియర్లకి ఎకౌంట్సు ట్యూషన్ చెప్పి, ఆ డబ్బుతో ఈ డబ్బా సెకండ్‌హాండులో కొనుక్కుంది. ఇరవై వాట్లది. వాళ్ళ నాన్నని, అంటే మా అబ్బాయిని, పైసా అడగలేదు. అడిగితే వాడు ఇవ్వడనీ కాదు, ఇచ్చేటప్పుడు ఒక ఉపన్యాసం జతచేస్తాడనీ. ఆ పిల్లా, ఇంకో ముగ్గురు స్నేహితులూ కలిసి ఏదో చిన్న బృందం పెట్టుకున్నారు. ఆదివారం వాళ్ళకి మొట్టమొదటి ప్రోగ్రాం. సోమవారం నాడు ఎవరో వైరు తొక్కుకుంటూ పోయారట. డబ్బా పక్కకి పడింది. అప్పటి నుంచీ కాడ కాస్త కదిలితే చిటపట, ఇంకాస్త కదిలితే నిశ్శబ్దం. కాడ తీసేస్తే గుయ్‌మని హోరు.

బుధవారం దుకాణానికి తీసుకెళ్ళింది. ఆయన వెనక మరలు కూడా విప్పకుండానే, "బోర్డు మొత్తం మార్చాలి, ఆ బోర్డు ఇప్పుడు రాదు, కొత్తది కొనుక్కోండి" అని చెప్పి పంపించాడట. పిల్ల ఇంటికొచ్చి డబ్బా మూలన పెట్టి, గిటారు సంచీలో పెట్టి జిప్పు వేసి, పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. ఏడిస్తే బాగుండును. ఏడవలేదు.

రాత్రి భోజనాల దగ్గర మా అబ్బాయి అన్నాడు: "పోనీలేమ్మా, ఒకందుకు మంచిదే అయింది. మేలో పరీక్షలు. గిటారు కూడా అమ్మేస్తే ఎవరికైనా పనికొస్తుంది."

వాడు చెడ్డవాడు కాదు. వాడి భయం వాడిది. కానీ ఆ పిల్ల "సరే నాన్నా" అంది చూడండి, ఆ "సరే" నాకు నచ్చలేదు. అల్లాంటి "సరే"లు నేను చాలా అని వున్నాను. వాటి రుచి నాకు తెలుసు.

మా నాన్నకి తెనాలి బజారులో రేడియో రిపేరు దుకాణం వుండేది. ముందుగదిలో గాజు బల్ల, దాని వెనక నాన్న. ఆ వెనక ఒక పచ్చ కర్టెను. కర్టెను వెనక బల్ల నాది. నాకు పన్నెండో ఏడు వచ్చేసరికి టంకం పెట్టడం వచ్చు. పద్నాలుగో ఏడుకి, రేడియో మోగకపోతే ఏ వాల్వు దగ్గర ఆగిందో చెప్పగలిగేదాన్ని. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడ్డ తుపాను మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే వుంటుంది. ఆ తరవాత నెల తిరక్కుండానే రేపల్లె వైపు నుంచి ఉప్పునీళ్ళు తాగిన రేడియోలు గోనెసంచుల్లో వచ్చాయి. వాటిని మంచినీళ్ళతో కడిగి, ఎండబెట్టి, తుప్పు పట్టిన కాళ్ళు ఒక్కొక్కటే గీకి మళ్ళీ టంకాలు పెట్టాం. సగానికి పైగా నా చేతిమీదుగా వెళ్ళాయి. అన్నీ బతకలేదు. బతికినవాటిని నాన్న ముందుగదిలో మోగించి చూపించేవారు. నేను కర్టెను వెనకనుంచి వినేదాన్ని. ఆడపిల్ల రిపేరు చేసిందంటే గిరాకీలు రేడియో ఇవ్వరని నాన్న భయం. అందులో అబద్ధం కూడా లేదు. ఇవ్వకపోదురు. "అమ్మడూ, పేరు నాది, పని నీది" అని నవ్వేవారు. నేను "సరే" అనేదాన్ని.

1979లో పెళ్ళయింది. దుకాణం తమ్ముడి చేతికి వెళ్ళింది. వాడు కొన్నాళ్ళకి దాన్ని వీడియో క్యాసెట్ల లైబ్రరీ చేశాడు. అదీ పోయింది. నాకు దక్కింది నాన్న కోటముక్కు పటకారు ఒక్కటే. పెద్ద సామానేమీ కాదు కనక ఎవరూ అడ్డు చెప్పలేదు. నలభయ్యేళ్ళుగా అది మా వంటింట్లో గ్యాసు సిలిండరు మూతకున్న దారం లాగడానికి పనికొస్తోంది.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక నేను లేచి ఆ డబ్బా దగ్గర కూర్చున్నాను. వెనక పలక మీద ఆరు స్టారు మరలు. అంతే కదా అనిపించింది.

తెల్లవారి కాఫీ దగ్గర ఈ సంగతి చెబితే మావారు పేపరు దించారు. "అరవయ్యారేళ్ళు వచ్చాక కరెంటు దగ్గర ఆటలేమిటే? అయినా ఆ ఎలక్ట్రిక్ మోత ఒక సంగీతమా?" మావారు చిక్కడపల్లి త్యాగరాయ గానసభకి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఇల్లు కొన్న మనిషి. కచేరీ అంటే తంబురా, వయొలిన్, మృదంగం. ఆపైన అంతా ఆయన లెక్కలో రణగొణే.

"పాలకొల్లు శ్రీనివాస్ వాయించింది ఏ మాండొలిన్?" అన్నాను.

మావారు మాట్లాడలేదు. 1969లో పాలకొల్లులో పుట్టిన ఆ పిల్లవాడు ఇంకా మీసాలు రాకముందే మద్రాసు సభలని గెలిచాడు. వాయించింది నిండు చెక్క ఎలక్ట్రిక్ మాండొలిన్. జంట తీగల పాత వాయిద్యం మీద గమకాలు సరిగా పలకవని, ఒంటి తీగలు అయిదు పెట్టించుకుని, ఆంప్లిఫయరు పక్కన పెట్టుకుని, త్యాగరాజ కృతులు వాయించాడు. మొదట్లో మావారిలాంటి వాళ్ళే కనుబొమలు ఎగరేశారు. తరవాత వాళ్ళే ముందు వరసలో కూర్చుని తాళం వేశారు. 2014లో నలభై అయిదేళ్ళకే ఆయన పోయారని పేపర్లో చూసిన రోజున మావారు మధ్యాహ్నం భోజనం చెయ్యలేదు. ఆ మాండొలిన్ నుంచి వైరు వెళ్ళిందీ ఇల్లాంటి డబ్బాలోకే. ఇదంతా నేను పైకి అనలేదు. అనక్కర్లేకపోయింది. మావారు పేపరు మళ్ళీ ఎత్తుకున్నారు.

మనవరాలిని పిలిచాను. "నానమ్మా, నీకు వచ్చా?" అంది. అనుమానంగా కాదు, ఆశగా.

డబ్బా విప్పేముందు విప్పకుండా చెయ్యవలసిన పని ఒకటుంది. జబ్బు ఎక్కడుందో తేల్చుకోవాలి. వైరు మార్చి చూశాం. అదే చిటపట. గిటారు వైపు కాడ కదిపి చూశాం. ఏమీ లేదు. డబ్బా వైపు కదిపితే చిటపట. గొంతు చిన్నది చేసినా పెద్దది చేసినా చిటపట దానితోపాటు పెరుగుతోంది, తరుగుతోంది. అంటే గొంతు బిరడాకి ముందే వుంది జబ్బు. పైగా కాడ లేనప్పుడు హోరు. ఇది మంచి గుర్తు. ఈ జాకుల్లో లోపల చిన్న రేకు ఒకటుంటుంది. కాడ లేనప్పుడు ఆ రేకు వెళ్ళి లోపలి ముల్లుకి ఆనుకుని, దారిని నేలకి కలిపేస్తుంది. కాడ దూరగానే రేకు పక్కకి తప్పుకుంటుంది. ఎవరూ లేని ఇంటికి తలుపు దగ్గరగా వేసినట్టన్నమాట. ఆ తలుపు పడకపోతే గాలిలో తిరిగే కరెంటు రొదంతా లోపలికొచ్చి స్పీకర్లో పడుతుంది. కాబట్టి జాకు విరిగివుండాలి, లేదా దాని కాళ్ళు ఊడివుండాలి. బోర్డు చచ్చిపోతే ఇన్ని లక్షణాలు వుండవు. చచ్చినవాడికి దగ్గు రాదు కదా.

గోడకున్న ప్లగ్గు పీకి, వైరు మా మనవరాలి చేతిలోనే పెట్టాను. "ఇది నీ దగ్గరే వుంచుకో. నేను లోపల చెయ్యి పెట్టినంతసేపూ ఈ వైరు కొస నాకు కనపడుతూ వుండాలి." ఇది నాన్న దుకాణంలో శాసనం. స్విచ్చి ఆపితే సరిపోదు. స్విచ్చి ఆపినా డబ్బా లోపలి స్విచ్చి దాకా 230 వోల్టులూ వచ్చి కూర్చునే వుంటాయి.

వెనక మరలు ఆరూ తీసి ఇడ్లీ రేకులో గుంటకి రెండు చొప్పున వేశాను. స్పీకరుకి వెళ్ళే రెండు వైర్లకీ మనవరాలు సెల్‌ఫోనుతో ఫోటో తీసింది. మా రోజుల్లో ఫోటో లేదు, తీగకి దారం ముడి వేసేవాళ్ళం. వైర్లు లాగి, చాసిస్ పట్టుకున్న మరలు తీస్తే లోపలి సరుకంతా ట్రేలో వచ్చినట్టు బయటికొచ్చింది. ఇంత డబ్బాకీ లోపల వున్నది అరచేతి వెడల్పు బోర్డు, ఒక ట్రాన్స్‌ఫార్మరు, బొటనవేలంత కెపాసిటర్లు రెండు.

ఈ కెపాసిటర్లంటే కాస్త భయం వుండడం మంచిది. ప్లగ్గు పీకినా వీటి కడుపులో కరెంటు నిలవ వుంటుంది. కుండలో నీళ్ళలాగ. ట్రాన్సిస్టరు డబ్బాల్లో ఇది ముప్ఫై, నలభై వోల్టుల వ్యవహారం. అయినా కొలవకుండా చెయ్యి పెట్టకూడదు. మల్టీమీటరు పెట్టి చూస్తే పావు వోల్టు కూడా లేదు. వుంటే స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి టప్పున నిప్పులు రాల్చేవాళ్ళని చూశాను. అది మొరటు పని. నడుమ ఒక రెసిస్టరు పెడితే నెమ్మదిగా, మర్యాదగా దిగిపోతుంది.

పైన బిరడాలు లాగి, వాటి కింద నట్లు విప్పి, జాకు నట్టుకి చెయ్యి వేసేసరికి అది స్పానరు అక్కర్లేకుండానే తిరిగింది. అసలు కథంతా అక్కడుంది. ప్లాస్టిక్ జాకు కాళ్ళు బోర్డుకి టంకం పెట్టి వుంటాయి. మెడ ముఖపలకలోంచి బయటికొస్తుంది. బయట నట్టు గట్టిగా వున్నంతకాలం వైరు లాగుడు పలక మీద పడుతుంది. నట్టు వదులయిందా, లాగుడంతా ఆ నాలుగు కాళ్ళమీదా పడుతుంది. కాళ్ళు ఎంత? గుండుసూది మందం. పైగా వేలెడు కాడ బయట వేలాడుతూ గునపంలా మీటుతూ వుంటుంది. ఇంక ఎన్నాళ్ళు ఓర్చుకుంటాయి?

భూతద్దం పెట్టి చూశాం. నాలుగు కాళ్ళలో రెండింటి చుట్టూ టంకంలో సూదితో గీసినట్టు సన్నటి గుండ్రటి బీట. మూడో కాలు కింద బోర్డు మీది రాగి రేకు బొబ్బలా పైకి లేచింది. జాకు మెడ కూడా చిట్లింది. చిట్లకపోతే మళ్ళీ టంకం పెట్టి వూరుకుందును. చిట్లింది కనక జాకే మార్చాలి.

"ఇంతేనా నానమ్మా? దీనికా బోర్డు మార్చమన్నాడు?" అంది పిల్ల. నేను ఆ దుకాణంవాడిని ఏమీ అనలేదు. విప్పి చూడడానికి పట్టే గంట సేపటికి ఎవరూ డబ్బివ్వరని వాడి లెక్క కాబోలు.

శుక్రవారం పొద్దున్న ఇద్దరం మెట్రో ఎక్కి సుల్తాన్ బజారు దగ్గర దిగి కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళాం. ఆ గల్లీ చూడనివారు చూడవలసిందే. మనిషి పట్టేంత వెడల్పు కొట్లు, గోడలనిండా చిన్న చిన్న సొరుగులు, ప్రతి సొరుగులోనూ మిరియాలంత, ఆవాలంత సామాను. పాత జాకు పొట్లం కట్టి తీసుకెళ్ళాను. ఈ సంగతి గట్టిగా చెబుతున్నాను: ఇలాంటివాటికి పాత సామాను చేత్తో పట్టుకెళ్ళకుండా నోటితో అడిగితే పని కాదు. బయటికి అన్నీ ఒకేలా వుంటాయి. లోపల మోనో వేరు, స్టీరియో వేరు. రేకు తలుపున్నవి వేరు, లేనివి వేరు. కాళ్ళ దూరం అర మిల్లీమీటరు తేడా వస్తే బోర్డులో దిగవు.

మొదటి కొట్టతను తళతళలాడే లోహపు జాకు బల్లమీద పెట్టాడు. "ఇది తీసుకోండి పెద్దమ్మా, జన్మలో విరగదు." మాట నిజమే. కానీ మాకు పనికిరాదు. ప్లాస్టిక్ జాకు పెట్టడం పిసినారితనం ఒక్కటే కాదు. దాని మెడ ప్లాస్టిక్ అయితే, గిటారు నుంచి వచ్చే నేలతీగ ముఖపలకకి తగలకుండా బోర్డుమీదుగా ఒకే దారిన నేలకి చేరుతుంది. లోహపు మెడ పెడితే పలక దగ్గర రెండో దారి ఏర్పడుతుంది. నేలకి రెండు దారులుంటే వాటి మధ్య చుట్టులో హోరు పుట్టే ప్రమాదం వుంది. ఇదంతా అతనికి చెబితే ఒక్క క్షణం నా మొహం చూసి, "మీరు లైన్లో వున్నారా పెద్దమ్మా?" అన్నాడు. మా మనవరాలు నాకంటే ముందే "వున్నారు" అని చెప్పేసింది. నాలుగో కొట్లో సరైన జాకు దొరికింది. నలభై రూపాయలు. రెండు తీసుకున్నాం.

ఆ రాత్రి భోజనాల బల్లమీద పాత దుప్పటి పరిచి టంకం పని మొదలుపెట్టాం. పాత టంకం కరగనంది. ఇప్పటి కంపెనీ బోర్డులకి సీసం లేని టంకం వాడతారు. అది 217 డిగ్రీల దాకా వేడెక్కితేగాని లొంగదు. మనం వాడే సీసం, తగరం కలిసిన తీగ, అరవైమూడు పాళ్ళు తగరమైతే, 183 డిగ్రీలకే నీళ్ళయిపోతుంది. అంచేత పాతదాని మీద కొత్తది కాస్త కలిపి కరిగిస్తే అదీ దారికొస్తుంది. అప్పుడు పీల్చే పంపుతో టప్పున లాగెయ్యాలి. మిగిలిన తడి రాగి జడతో అద్దెయ్యాలి. రోజిను పొగ పైకి లేచింది. ఆ వాసన తగిలేసరికి నేనో నిమిషం చెయ్యి ఆపాను. పిల్ల "కళ్ళు మండుతున్నాయా?" అంది. ఫాను కాస్త అటు తిప్పమన్నాను.

జాకు ఊడి వచ్చాక బోర్డు కన్నాలు స్పిరిట్‌తో తుడిచి, కొత్తది దింపాం. సరిగ్గా కూర్చుంది. అప్పుడు ఐరను పిల్ల చేతికిచ్చాను.

"నేనా? పాడైపోతే?"

"రెండో జాకు అందుకే కొన్నాను."

కలం పట్టుకున్నట్టు పట్టుకోమన్నాను. టంకం తీగ ఐరనుకి తినిపించకూడదు. ఐరను మొన కాలికీ రాగి రేకుకీ ఒకేసారి ఆనించి, రెండూ వేడెక్కాక తీగ ఆ కాలికి తినిపించాలి. కాలే కరిగించుకుని తాగాలి. సరిగా తాగితే టంకం చుట్టూ పాకి చిన్న గోపురంలా మెరుస్తుంది. ముత్యంలా గుండ్రంగా నిలబడితే అది పైపై అంటు. వారానికే వూడుతుంది. మొదటిది ముత్యమే వచ్చింది. పీల్చేసి మళ్ళీ పెట్టింది. రెండోది గోపురం. మూడోది ఇంకా బాగుంది. బొబ్బ లేచిన నాలుగో కాలి దగ్గర మాత్రం నేనే కూర్చున్నాను. ఆ రాగి బాట ఎక్కడికి పోతోందో మల్టీమీటరు కూతతో వెతికి, మొదటి రెసిస్టరు కాలికి సన్నటి వైరుముక్క వంతెనలా కలిపాను. కోటముక్కు పటకారు లేకపోతే ఆ వంపు రాదు. ఈ పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సీసం కడుపులోకి వెళ్ళే వస్తువు కాదు.

కరెంటు పెట్టకముందే పరీక్ష చేశాం. మీటరు ఒక ముల్లు జాకు కొనకి, ఇంకోటి నేలకి. కీచుమంది. తలుపు పడివుందన్నమాట. కాడ దూర్చాం. కీచు ఆగింది. తీశాం. మళ్ళీ కీచు. పిల్ల ఆ కాడని పదిసార్లు తీసి పెట్టి వుంటుంది.

ఈ పని చేస్తూండగా మా మనవరాలు నాకో కథ చెప్పింది. కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే వూళ్ళో లియో ఫెండర్ అనే ఆయన 1938లో రేడియో రిపేరు దుకాణం పెట్టుకున్నాడట. గిటారువాళ్ళు తమ డబ్బాలు రిపేరుకి తెచ్చేవారట. వాళ్ళ సణుగుళ్ళు విని విని, ఇంతకంటే మంచిది నేనే చేస్తానని మొదలుపెట్టాడు. 1954లో ఆయన దుకాణం నుంచి వచ్చిన స్ట్రాటోకాస్టర్ అనే గిటారు నమూనానే ఇవాళ ప్రపంచమంతా పట్టుకు తిరుగుతున్నారట. అంత చేసినా ఆయనకి గిటారు వాయించడం రాదట. "నీలాగే నానమ్మా" అంది. ఆయన దుకాణంలో కర్టెను వుండేదా అని అడిగాను. పిల్లకి అర్థం కాలేదు. అప్పుడు చెప్పాను, ఆ పచ్చ కర్టెను సంగతి. ఇంతవరకూ మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. గొప్ప రహస్యమనీ కాదు. ఎవరూ అడగలేదు.

శనివారం ఉదయం అన్నీ బిగించాం. కొత్త నట్టు గట్టిగా బిగించాం. వైరు తిన్నగా జాకు నుంచి వేలాడకుండా, డబ్బా పిడికిలోంచి ఒక చుట్టు తిప్పి తీసుకోమన్నాను. ఎవరైనా తొక్కినా లాగుడు పిడి మీద పడుతుంది. గొంతు బిరడా సున్నాలో పెట్టి, స్విచ్చి వేశాం. దీపం వెలిగింది. హోరు లేదు. బిరడా తిప్పింది. హోరు లేదు. కాడ గుచ్చి, అటూ ఇటూ కదిపి, ఒక తీగ మీటింది.

మా అబ్బాయి గదిలోంచి బయటికొచ్చాడు. "ఎంతయింది?" అన్నాడు. "నలభై" అంది పిల్ల. "నలభై వందలా?" అన్నాడు. నలభై రూపాయలని చెప్పడానికి దానికి రెండు నిమిషాలు పట్టింది. నవ్వు ఆపుకోలేక. "ఎవరు చేశారు?" అన్నాడు. పిల్ల నా వైపు చూపించింది. వాడు తల్లిని ఎప్పుడూ చూడనట్టు చూశాడు. "పరీక్షలు మేలో" అని మాత్రం గుర్తుచేశాడు. గిటారు అమ్మే మాట ఎత్తలేదు.

ఆదివారం ప్రోగ్రాంకి అందరం వెళ్ళాం. సంగీతం గురించి నేను చెప్పగలిగింది తక్కువ. పాటలు నాకు తెలియనివి. నేను జాకుని వింటూ కూర్చున్నాను. మూడో పాటలో ఎవడో కుర్రాడు గెంతుతూ వైరు మీద కాలేశాడు. గొంతు ఆగలేదు. మావారు ఎడమచేత్తో మోకాలి మీద తాళం వేస్తున్నారు. ఆదితాళమే. ఎలా కుదిరిందో ఆయనకే తెలియాలి.

మంగళవారం సాయంత్రం ఇద్దరు కుర్రాళ్ళు తలుపు కొట్టారు. ఇద్దరి మధ్యా పాతకాలపు బరువైన డబ్బా. "నమస్తే ఆంటీ, ఇది వాల్వు ఆంప్లిఫయరండీ. ఇన్‌పుట్ జాకు పోయింది. మీరే చేశారని..." అని నసిగారు. వెనక జాలీలోంచి లోపలికి చూశాను. ఈ.సీ.సీ. 83లు, ఈ.ఎల్. 84లు. నాన్న దుకాణంలో ఇవే వాల్వులు. బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారు చేసినవి అట్టపెట్టెల్లో వచ్చేవి. గిటారువాళ్ళు వాటిని ఇప్పటికీ వదల్లేదని నాకు తెలియదు. వీటిలో మూడువందల వోల్టులకి పైనే తిరుగుతుంది. ఆపేసి గోడనుంచి పీకినా కెపాసిటర్లలో మనిషిని చంపగలిగినంత నిలవ వుండొచ్చు. ఇల్లాంటివాటి దగ్గర నాన్న ఎడమ చెయ్యి వెనక్కి మడిచి పెట్టుకునేవారు. రెండు చేతులూ లోపల వుంటే కరెంటు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి, గుండె మీదుగా పోతుంది.

"ఎప్పుడు ఆపారు?" అన్నాను.

"ఇందాకేనండీ. మధ్యాహ్నం."

"రేపు పొద్దున్న దాకా ముట్టుకోను. రెండు రోజులు పడుతుంది. ఎక్కడ పెడతారో చూడండి, బరువుగా వున్నట్టుంది."

"లోపల గదిలో పెట్టమంటారా ఆంటీ?"

నేను నోరు విప్పేలోగా మావారు భోజనాల బల్ల మీది పేపర్లు తీసేసి, కుర్చీ ఒకటి పక్కకి లాగి, "ఇక్కడ పెట్టండి నాయనా, వెలుతురు బాగుంటుంది" అన్నారు.